గెలిచిన దావా ఖర్చు ఎవరు కట్టాలి? బెంగళూరులో ఒక అడ్వాన్సు కేసు

దావా గెలిచినా లాయరు ఫీజు తిరిగి రాదన్న నమ్మకం మన కక్షిదారుల్లో బలంగా పాతుకుపోయింది. దానికి కారణం ఉంది. మామూలు సివిల్ కోర్టు తీర్పు చివర "ఖర్చులతో సహా డిక్రీ" అన్న మాట వస్తుంది. డిక్రీ కాపీ చేతికి వచ్చాక చూస్తే కోర్టు ఫీజు, నిబంధనల ప్రకారం లెక్కకట్టిన చిన్న ఫీజు, ప్రాసెస్ ఖర్చు (సమన్లు, నోటీసులు పంపే ఖర్చు) కనిపిస్తాయి. కక్షిదారు నిజంగా పెట్టిన ఖర్చులో అది ఒక మూలకు కూడా రాదు. అయితే 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం కొన్ని రకాల దావాలకు ఈ లెక్కను మార్చేసింది. అది తెలిసిన కక్షిదారులు తక్కువ, దాన్ని మొదటి రోజు నుంచీ దృష్టిలో పెట్టుకుని కేసు నడిపే లాయర్లు ఇంకా తక్కువ. ఈ కేసు రాయడానికి అదే కారణం. మనుషులను, ప్రాంతాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. అంకెలు కూడా మార్చినవే, వాటి మధ్య నిష్పత్తులు మాత్రం దాదాపు అసలు కేసులో ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

నా కక్షిదారు రాయలసీమ నుంచి వచ్చి బెంగళూరులో ఆంధ్రా మెస్ నడిపే మనిషి. ఆఫీసులు ఎక్కువగా ఉన్న ఒక ప్రాంతంలో మూడేళ్లకు అద్దె ఒప్పందం రాసుకుని నేల అంతస్తు తీసుకున్నారు. నెలకు 1,20,000 అద్దె, ఈ ఊరి అలవాటు ప్రకారం పది నెలల అడ్వాన్సు, అంటే 12,00,000. భవన యజమాని కూడా తెలుగువారే, రెండు తరాలుగా బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కోసం ఒక నెల అద్దె మినహాయించుకుని మిగతాది ముప్పై రోజుల్లో తిరిగి ఇవ్వాలని ఒప్పందంలో ఉంది.

గడువు ముగిసే ముందు కక్షిదారు రెండు నెలల నోటీసు రాసి ఇచ్చారు, చెప్పిన తేదీకి ఖాళీ చేశారు, తాళాలు అప్పగించారు. తాళాలు ముట్టినట్టు యజమాని ఒక కాగితం మీద సంతకం చేశారు. నెల తిరిగాక ఫోను చేస్తే "చూద్దాం" అన్నారు. రెండో నెలలో టైల్స్ పగిలాయని, వంటగది పొగ గొట్టం గోడను పాడు చేసిందని, డ్రైనేజీ పైపు మూసుకుపోయిందని చెప్పి, అసలు మీరే నాకు బాకీ అన్నారు.

కోర్టు దాకా రాక ముందు ఇద్దరికీ తెలిసిన ఊరి పెద్ద ఒకరి ఇంట్లో కూర్చున్నారు. తొమ్మిది లక్షలకు ముగించుకోమని ఆయన సలహా ఇచ్చారు. నా కక్షిదారు ఒప్పుకున్నారు. "మూడు లక్షలు పోతే పోయిందనుకుంటాను అన్నా, తొమ్మిది ఇచ్చేయండి, కొత్త చోట పొయ్యి వెలిగించుకోవాలి" అని యజమానిని బతిమాలారు. ఆయన ఐదు దగ్గరే ఆగిపోయారు. ఈ మాటల్లో ఒక్కటీ కాగితం మీద లేదు. తర్వాత కక్షిదారు తనకు తెలిసిన ఒక లాయరు చేత నోటీసు ఇప్పించారు, ఆ ఫీజుకు రసీదు తీసుకోలేదు. ఈ రెండు విషయాలూ చివర ఖర్చుల దగ్గర మళ్లీ వస్తాయి.

ఎంత అడగాలి

నా దగ్గరికి వచ్చినప్పుడు కక్షిదారు మనసులో ఉన్న అంకె 22 లక్షలు. అడ్వాన్సు పూర్తిగా పన్నెండు, మనోవేదనకు, ఆగిపోయిన వ్యాపారానికి కలిపి పది. ఆయన బాధ నిజమైనదే. ఆ డబ్బు చేతికి రాక కొత్త చోట అడ్వాన్సు కట్టలేకపోయారు, నాలుగు నెలలు మెస్ మూతపడింది, వంటవాళ్లలో ఇద్దరు వేరే చోటికి వెళ్లిపోయారు. అయినా ఆ పది లక్షలు అడగవద్దని చెప్పాను. ఆయన చాలా నొచ్చుకున్నారు.

నా లెక్క ఇది. కర్ణాటకలో డబ్బు దావాకు అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. నిరూపించలేని పది లక్షల మీద కూడా ఆ ఫీజు పడుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఖర్చుల దగ్గర ఉంది. కమర్షియల్ దావాలకు (వ్యాపార వివాదాల దావాలకు) వర్తించేలా మార్చిన సివిల్ ప్రొసీజర్ కోడ్, అంటే సివిల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే చట్టం, సెక్షన్ 35లో ఒక ఉదాహరణ ఉంది. వాది ఒప్పంద ఉల్లంఘనకు డబ్బు, దానితో పాటు నష్టపరిహారం కోరతాడు. డబ్బు డిక్రీ వస్తుంది, నష్టపరిహారం కోరడం మాత్రం అర్థంలేనిదని, వేధించడానికే వేశాడని కోర్టు తేలుస్తుంది. అప్పుడు గెలిచిన వాది మీదే ఖర్చులు వేయవచ్చని ఆ ఉదాహరణ చెబుతోంది. పార్లమెంటు అంత స్పష్టంగా రాశాక, కోపంతో ఒక అంకె పెంచి దావా వేయడం కక్షిదారు జేబుకే చిల్లు.

అందుకే పెయింటింగ్ కింద ఒక నెల అద్దెను మేమే మినహాయించి 10,80,000, దాని మీద 12 శాతం వడ్డీ అడిగాం. ఒప్పందం ప్రకారం రాని రూపాయిని అడగలేదని దావా పత్రంలోనే రాశాను. అది న్యాయమూర్తి మెప్పు కోసం రాసింది కాదు. సెక్షన్ 35 కింద కోర్టు చూసేవాటిలో మొదటిది రెండు పక్షాల నడత. ఆ నడత దావా పత్రం మొదటి పేజీ నుంచే రికార్డుకు ఎక్కుతుంది.

ఏ కోర్టు అన్నదే సగం ఫలితం

ఈ దావాను మామూలు డబ్బు దావాగా వేస్తే ఏమయ్యేదో చెప్పాలి. మామూలు దావాల్లో సెక్షన్ 35 ప్రకారం ఓడినవారు గెలిచినవారికి ఖర్చులు చెల్లించడం సాధారణ నియమం, అలా కాదంటే కోర్టు కారణాలు రాయాలి. నియమం ఒకటే, అంకె మాత్రం రాష్ట్ర నిబంధనలకు కట్టుబడి ఉంటుంది. అబద్ధపు లేదా వేధింపు వాదనలకు సెక్షన్ 35ఎ కింద వేసే పరిహార ఖర్చుకు మూడు వేల రూపాయల పరిమితి ఉంది, అది 1976 సవరణ నాటిది. 2005లో సేలం న్యాయవాదుల సంఘం కేసులో సుప్రీంకోర్టు ఖర్చులంటే నిజంగా అయిన, సమంజసమైన ఖర్చులై ఉండాలని, గెలిచిన పక్షం వెచ్చించిన సమయం, ప్రయాణం, బస కూడా అందులోకి వస్తాయని చెప్పింది. వినడానికి బాగుంటుంది. కానీ 2011లో సంజీవ్ కుమార్ జైన్ కేసు వచ్చింది. ఒక అద్దె వివాదంలో ఢిల్లీ హైకోర్టు 45 లక్షలకు పైగా అసలు ఖర్చు కట్టమంది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నిబంధనలు అనుమతించినంత వరకే ఖర్చులు వేయవచ్చని, అవి చాలకపోతే నిబంధనలను మార్చుకోవాలని చెప్పింది. మూడు వేల పరిమితి ఎంత పాతబడిందో కూడా అదే తీర్పులో ఎత్తిచూపింది. 2012లో లా కమిషన్ 240వ నివేదిక మొత్తం సివిల్ దావా ఖర్చుల మీదే వచ్చింది. మామూలు దావాలకు ఆ పరిమితి మాత్రం ఇంకా కదల్లేదు. నాకు ఇది మనసు కష్టపెట్టే విషయం. ఇల్లు అద్దెకిచ్చి మోసపోయిన ముసలి దంపతులకు దొరకని న్యాయం దుకాణం అద్దెకు దొరుకుతోంది.

కమర్షియల్ దావాలో పరిస్థితి వేరు. మార్చిన సెక్షన్ 35 "వేరే ఏ చట్టంలో, నిబంధనలో ఏమి ఉన్నప్పటికీ" అని మొదలై, ఎవరు కట్టాలి, ఎంత, ఎప్పుడు అన్న మూడింటినీ కోర్టు విచక్షణకు వదిలింది. లాయరు ఫీజు, సాక్షుల ఖర్చు, దావాకు సంబంధించిన ఇతర ఖర్చులన్నీ సమంజసమైన మేరకు అందులోకి వస్తాయి. 35ఎ పరిమితి వీటికి తీసేశారు. వ్యాపారానికి మాత్రమే వాడే స్థిరాస్తి ఒప్పందం కమర్షియల్ వివాదం కిందికి వస్తుంది. విలువ 2018 సవరణ తర్వాత మూడు లక్షలు దాటితే చాలు. మా దావా అందులో సరిగ్గా పడింది.

యజమాని లాయరు అనుభవజ్ఞుడు. ఎక్కడ కొట్టాలో ఆయనకు తెలుసు. వెనక గదిలో వంట కుర్రాళ్లు పడుకునేవారు కాబట్టి ఆ స్థలం వ్యాపారానికి "మాత్రమే" వాడింది కాదని, దావా మామూలు సివిల్ కోర్టుకు వెళ్లాలని అభ్యంతరం వేశారు. అంబాలాల్ సారాభాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆస్తి నిజంగా వ్యాపారానికి వాడుతున్నదై ఉండాలని చెప్పిన మాటను ఆయన ఆధారం చేసుకున్నారు. అదే మాటను మేమూ పట్టుకున్నాం. ఒప్పందంలో రాసింది భోజనశాల, లైసెన్సు భోజనశాలది, కరెంటు మీటరు వాణిజ్య తరగతిది. పనివాళ్లు రాత్రి అక్కడే పడుకోవడం ఆ వ్యాపారంలో భాగమే తప్ప వేరే నివాసం కాదన్నాం. కోర్టు మా వైపు చెప్పింది. చాలామంది ఇలాంటి అభ్యంతరాన్ని ఆలస్యం చేసే ఎత్తుగా చూసి మొక్కుబడిగా జవాబిస్తారు. మేము దాని మీద ఒక పూట పూర్తిగా వాదించాం. ఖర్చుల తలుపు తెరుచుకునేది అక్కడే.

ఆఫర్ లేఖ

కమర్షియల్ దావాలో అత్యవసర మధ్యంతర ఉత్తర్వు అక్కర్లేకపోతే కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ కింద ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పనిసరి అని తేల్చింది. మేము దరఖాస్తు పెట్టాం, న్యాయ సేవల సంస్థ నుంచి యజమానికి నోటీసులు వెళ్లాయి, ఆయన రాలేదు. మధ్యవర్తిత్వం మొదలే కాలేదని నివేదిక వచ్చింది.

ఇక్కడ ఆలోచించాల్సింది ఒకటి ఉంది. మధ్యవర్తి ముందు ఎవరేం అన్నారన్నది గోప్యం, కోర్టుకు చెప్పడానికి వీల్లేదు. ఊరి పెద్ద ఇంట్లో అన్నది రుజువు కాదు. కానీ ఖర్చులు తేల్చేటప్పుడు కోర్టు చూడవలసినవాటిలో "సమంజసమైన రాజీ ప్రతిపాదన ఒకరు చేస్తే, ఇంకొకరు కారణం లేకుండా తిరస్కరించారా" అన్నది చట్టంలోనే ఉంది. కోర్టు చూడగలిగిన ప్రతిపాదన ఒకటి సృష్టించాలి. అందుకే దావా నంబరు పడిన వారంలో యజమాని లాయరుకు ఒక లేఖ పంపాను.

ఆ లేఖలో పెట్టినవి ఇవి. 9,75,000 ముప్పై రోజుల్లో చెల్లిస్తే వడ్డీ వదులుకుంటాం, ఖర్చులు ఎవరివి వారే భరించుకోవచ్చు, దావా ఉపసంహరించుకుంటాం. వివాదం మంచిచెడ్డల మీద ఈ లేఖను ఒప్పుకోలుగా ఎవరూ వాడకూడదు. తిరస్కరిస్తే ఖర్చుల ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం కోర్టు ముందు ఉంచుతాం. ఆఖరి వాక్యం లేకుండా పంపే రాజీ లేఖ ఖర్చుల దగ్గర పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. ఎందుకంటే హక్కులకు భంగం లేకుండా, అంటే రాజీ కోసమే రాసిన లేఖను సాక్ష్యంగా చూపవద్దని ఎదుటివారు అడ్డుపడతారు.

అంకె ఎంత ఉండాలన్నది నా ఉద్దేశంలో మొత్తం కేసులో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. మరీ తగ్గిస్తే కక్షిదారు అన్యాయమైపోతాడు. మరీ దగ్గరగా పెడితే తీర్పు ఆ అంకెకు కింద పడవచ్చు, అప్పుడు లేఖ మాకే ఎదురు తిరుగుతుంది. మేము ఓడిపోగల అంశాలను ఒక్కొక్కటిగా రాసుకున్నాం. టైల్స్ మీద ఆధారం లేదు. పొగ గొట్టం ఒప్పందంలోనే అనుమతించినది. డ్రైనేజీ పైపు మీద మాత్రం బిల్లు ఉండే అవకాశం ఉంది. ఆ నష్టాన్ని ఎక్కువలో ఎక్కువ లక్ష అనుకుని, ఇంకొంచెం వెసులుబాటు ఇచ్చి 9,75,000 దగ్గర ఆగాం. కక్షిదారు "పెద్దాయన ఇంట్లో తొమ్మిదికి ఒప్పుకున్నాను కదా సార్, ఇప్పుడు ఎక్కువ అడిగితే బాగుండదేమో" అన్నారు. ఆ తర్వాత కోర్టు ఫీజు కట్టామని, ఆరు నెలల వడ్డీ పోతోందని గుర్తు చేశాక సరే అన్నారు. జవాబు రాలేదు. గడువు దాటిన తేదీని ఫైలు అట్ట మీద రాసి పెట్టాను.

పనిచేయనివి

యజమాని తన లిఖితపూర్వక జవాబుతో పాటు 14,00,000కు కౌంటర్ క్లెయిమ్ (అదే దావాలో వాది మీద ప్రతివాది వేసే ఎదురు దావా) వేశారు. జవాబు ముప్పై రోజుల గడువు దాటి, 120 రోజుల ఆఖరి హద్దుకు దగ్గరగా వచ్చింది. ఆలస్యానికి కోర్టు కొద్ది ఖర్చు వేసి అనుమతించింది. 120 దాటితే కమర్షియల్ దావాలో జవాబు వేసే హక్కే పోతుంది, అది తెలిసే ఆ లోపు వేశారు.

మేము సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 13ఎ కింద విచారణ లేకుండానే తీర్పు ఇవ్వమని దరఖాస్తు పెట్టాం. అడ్వాన్సు ముట్టిందన్నది ఒప్పుకున్నారు, ఖాళీ చేశామన్నదీ ఒప్పుకున్నారు, కాబట్టి నిజమైన వాదనేదీ మిగలలేదని మా వాదన. కోర్టు కొట్టేసింది. నష్టం ఎంతన్నది సాక్ష్యంతో తేలాల్సిన విషయమని, ఆ దరఖాస్తు ఖర్చుల సంగతి తీర్పులో చూస్తామని చెప్పింది. కౌంటర్ క్లెయిమ్ బలహీనంగా ఉండటం వేరు, దానికి అసలు అవకాశమే లేకపోవడం వేరు. ఆ రెండోది చూపించగల కాగితం ఆ దశలో మా చేతిలో లేదు.

వాయిదాల సంగతి ఇంకోటి. కేసు నిర్వహణ విచారణలో కోర్టు తేదీలు ఖరారు చేసింది. క్రాస్ ఎగ్జామినేషన్ రోజున యజమాని వైపు లాయరు రాలేదు, తర్వాతి తేదీకి మళ్లీ సమయం అడిగారు. ఆలస్యం చేసిన పక్షం మీద ఖర్చు వేసే సెక్షన్ 35బి కింద ఖర్చులు కోరాం. నా కక్షిదారు ఆ రోజు మధ్యాహ్నం భోజనాలు వదులుకుని కోర్టుకు వచ్చారు, ఆ నష్టం యాభై వేలని ఆయన లెక్క. కోర్టు 5,000 వేసింది. 35బి కింద వేసిన ఖర్చు తర్వాతి తేదీకి కట్టకపోతే ఆ పక్షం కేసును ముందుకు నడిపే హక్కు ఆగుతుంది. యజమాని కట్టలేదు. వాళ్ల క్రాస్ అవకాశాన్ని మూసేయమని అడగమని కక్షిదారు పట్టుబట్టారు.

ఆ మాట అడగలేదు. అడిగితే బహుశా ఇచ్చేవారు. కానీ అలాంటి ఉత్తర్వు మీద యజమాని హైకోర్టుకు వెళ్లేవారు, అక్కడ ఫైలు ఎంత కాలం ఉండేదో చెప్పలేం. ఐదు వేల కోసం పది లక్షల డిక్రీని దూరం చేసుకోవడం తెలివి కాదు. మరునాడు కడతామంటే అభ్యంతరం లేదని చెప్పి, ఆ ఆలస్యాన్ని మాత్రం రికార్డులో రాయించాను. 35బి ఖర్చు మొత్తం ఎంతన్నది చిన్న విషయం. ఎవరు ఎన్నిసార్లు కోర్టు సమయాన్ని పాడుచేశారన్న జాబితా ఆ ఉత్తర్వులతోనే తయారవుతుంది, అదే తర్వాత నడత కింద లెక్కకు వస్తుంది.

సంతకం కాదన్నారు, బిల్లు చూపించారు

కమర్షియల్ దావాలో ఎదుటివారి పత్రాలను ఒప్పుకుంటున్నారో లేదో అఫిడవిట్ ఇవ్వాలి. యజమాని తాళాల రసీదు మీద సంతకం తనది కాదన్నారు. తాళాలు ముట్టిన తేదీ పోతే తర్వాతి నెలల అద్దె కూడా అడగవచ్చన్నది వాళ్ల ఎత్తు. దాన్ని రుజువు చేయడానికి మెస్ పాత మేనేజరును సాక్షిగా పిలవాల్సి వచ్చింది. ఆయన అప్పటికే సొంత ఊరికి వెళ్లి వ్యవసాయం చేసుకుంటున్నారు. రెండుసార్లు రైలెక్కి వచ్చారు, రెండు రాత్రులు లాడ్జిలో ఉన్నారు. టిక్కెట్లు, లాడ్జి రసీదులు ఆ రోజే నా గుమాస్తాకు ఇవ్వమని చెప్పాను. ఆర్డర్ 11 రూల్ 4 ప్రకారం ఒప్పుకోవలసిన పత్రాన్ని కారణం లేకుండా కాదంటే, దానికోసం గుణపాఠంగా ఉండే ఖర్చులు కూడా వేయవచ్చు. ఈ సంగతి చాలామంది వాదించరు.

ఇంకో సాక్షి యజమాని కొత్త అద్దెదారు. మేము ఖాళీ చేసిన రెండో నెలలోనే అక్కడ వేరే భోజనశాల మొదలైంది. సమన్లు ఇప్పించి పిలిస్తే, అదే పొగ గొట్టం, అవే టైల్స్ వాడుతున్నానని ఆయన ప్రమాణం చేసి చెప్పారు. కౌంటర్ క్లెయిమ్‌లో ఆరు నెలలు అద్దె పోయిందన్న మాట అక్కడే కూలిపోయింది. టైల్స్‌కు చూపించినది ఒక కాంట్రాక్టరు అంచనా మాత్రమే. పని చేయించినట్టు బిల్లు లేదు.

డ్రైనేజీ పైపుకు మాత్రం 35,000 బిల్లు తెచ్చారు, ప్లంబరు కూడా వచ్చి చెప్పారు. నా కక్షిదారు దాన్ని కూడా కాదనమన్నారు. "ఒక్కటి ఒప్పుకుంటే అన్నీ ఒప్పుకున్నట్టు కాదా సార్?" అన్నది ఆయన భయం. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: వంటగది నూనె, మెతుకులు ఆ పైపులోకి వెళ్లలేదని మీరు ప్రమాణం చేయగలరా? ఆయన కాసేపు ఆలోచించి చేయలేనన్నారు. అంతటితో ఆ 35,000 మీద వివాదం లేదని మెమో దాఖలు చేశాం. ఆ మెమో లేకపోతే కౌంటర్ క్లెయిమ్‌లో యజమాని "కొంత గెలిచారు" అన్న మాట ఖర్చుల దగ్గర మాకు అడ్డంగా నిలిచేది.

ఖర్చుల మెమో

వాదనలు ముగిసిన రోజునే ఖర్చుల మెమో వేశాం. తీర్పు వచ్చాక వేద్దామని ఊరుకుంటే "ఖర్చులతో సహా" అన్న రెండు మాటలతో తీర్పు ముగిసిపోతుంది. ఆ తర్వాత గుమాస్తా పాత నిబంధనల లెక్కతో డిక్రీ గీస్తాడు.

మెమోలో ప్రతి అంశం పక్కన తేదీ, దశ, రసీదు నంబరు రాశాం. నా ఫీజు మొత్తం 1,80,000. దాన్ని దావా పత్రం, అధికార పరిధి అభ్యంతరం, 13ఎ దరఖాస్తు, కౌంటర్ క్లెయిమ్ జవాబు, సాక్ష్యం, తుది వాదనలుగా విడగొట్టి చూపించాం. మొదటి నుంచీ కక్షిదారు చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో తీసుకుని రసీదు ఇచ్చాను. నగదు ఇచ్చి రసీదు అడగడం లాయరును అవమానించడమని మన కక్షిదారులు అనుకుంటారు. ఆ మొహమాటం వాళ్లకే నష్టం. పాత లాయరు నోటీసుకు ఇచ్చిన 8,000 రాశాం, రసీదు లేదని కూడా రాశాం. దావాకు ముందు అయిన ఖర్చు కూడా సెక్షన్ 35 కింద ఇవ్వవచ్చు కాబట్టి అడగడంలో తప్పు లేదు. కక్షిదారు కోర్టుకు వచ్చిన రోజుల నష్టానికి 40,000, సేలం కేసు మాటలు ఆధారంగా.

ఆఫర్ లేఖను, అది అందినట్టు రుజువును సీలు వేసిన కవరులో జతచేశాం. ముందు వివాదం తేల్చి, ఖర్చుల ప్రశ్న వచ్చినప్పుడే తెరవమని కోరాం. అలా చేయాలని ఏ నిబంధనా చెప్పదు. కానీ వివాదం మీద ఆ అంకె ప్రభావం పడకూడదని మేమే లేఖలో రాశాం, ఆ మాటకు మేము కట్టుబడాలి.

తీర్పు

కోర్టు 10,80,000 నుంచి 35,000 తీసేసి 10,45,000 డిక్రీ చేసింది, 9 శాతం వడ్డీతో. మిగతా కౌంటర్ క్లెయిమ్ కొట్టేసింది. ఆఫర్ 9,75,000, డిక్రీ అంతకంటే 70,000 ఎక్కువ, వడ్డీ వేరు.

ఖర్చుల భాగం నాలుగు పేజీలు ఉంది. బెంగళూరు కోర్టులో నేను చూసిన తీర్పుల్లో ఇంత వివరంగా రాసినవి తక్కువ. ఆఫర్ గడువు ముగిసిన తేదీ వరకు కోర్టు ఫీజు, మామూలు లెక్క ప్రకారం ఫీజు. ఆ తేదీ తర్వాత అయిన ఖర్చు సమంజసమైనంత మేరకు పూర్తిగా. ఒక తేదీ నుంచి ఖర్చులు వేసే అధికారం సెక్షన్ 35లోనే ఉంది, మేము అడిగినది దాన్నే. నా ఫీజులో 13ఎ దరఖాస్తు భాగం తీసేశారు, అందులో ఓడిపోయాం కాబట్టి. మిగతాదాన్ని కొంచెం తగ్గించి మొత్తం మీద 1,30,000 ఇచ్చారు. మేనేజరు ప్రయాణం, లాడ్జి ఖర్చు రూపాయి తగ్గకుండా వచ్చింది. సంతకం కాదన్నందుకు 25,000. కక్షిదారు రోజుల నష్టానికి 15,000, మెస్ మూసిన రోజుల అమ్మకం లెక్క చూపలేదు కాబట్టి అంతకంటే ఇవ్వలేమన్నారు. పాత నోటీసు 8,000కు ఏమీ రాలేదు. ఖర్చుల మీద కూడా 6 శాతం వడ్డీ.

యజమాని లాయరు వాదన ఫీజు నిబంధనల మీద నిలబడింది. లాయరుకు ఎంత ఇచ్చారన్నది వాళ్లిద్దరి మధ్య ఒప్పందమని, ఓడినవారు దాన్ని మొయ్యనక్కర్లేదని అన్నారు. మామూలు దావాలో ఆ వాదన నిలబడుతుంది. కమర్షియల్ దావాలో సెక్షన్ 35 మొదటి వాక్యమే దానికి జవాబని, సంజీవ్ కుమార్ జైన్ తీర్పు మార్చమన్నది ఆ నిబంధనలనేనని, పార్లమెంటు ఈ వర్గం దావాలకు మార్చేసిందని కోర్టు రాసింది.

యజమాని వైపు నుంచి చూస్తే

ఇలాంటి కేసులో యజమాని తరఫున ఎవరైనా వస్తే నేను చెప్పేది వేరుగా ఉంటుంది. ఆయనకు ఒక దారి చట్టంలోనే ఉంది, ఎవరూ చూపించలేదు. ఆర్డర్ 24 ప్రకారం ప్రతివాది తాను బాకీ ఉన్నదనుకున్న మొత్తాన్ని ఏ దశలోనైనా కోర్టులో డిపాజిట్ చేయవచ్చు. వాదికి ఆ నోటీసు అందిన తర్వాత ఆ మొత్తం మీద వడ్డీ నడవదు. వాది సరిపోదని కేసు కొనసాగిస్తే, చివరకు డిపాజిట్టే పూర్తి బాకీ అని తేలితే, ఆ తర్వాతి ఖర్చులు వాదే భరించాలి. జవాబు వేసిన రోజునే ఆయన పది లక్షల నలభై ఐదు వేలు, అప్పటిదాకా నడిచిన వడ్డీ కట్టి, పైపు బిల్లు మీద మాత్రం పోరాడి ఉంటే, ఆ తర్వాత నేను పెట్టిన ప్రతి పూట ఖర్చు నా కక్షిదారు మీదే పడేది. దానికి బదులు 14 లక్షల కౌంటర్ క్లెయిమ్‌కు ఆయన సొంతంగా కోర్టు ఫీజు కట్టుకున్నారు, అదీ పోయింది.

కౌంటర్ క్లెయిమ్ బేరానికి పనికొస్తుందని ఇక్కడి లాయర్లలో ఒక నమ్మకం ఉంది. ఐదు లక్షలు ఇవ్వాల్సిన మనిషి పదిహేను అడిగితే ఎదుటివాడు దిగివస్తాడని. అద్దెదారు ఒంటరిగా, డబ్బు లేక ఉన్నప్పుడు అది పనిచేయడం నేను చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. అర్థంలేని కౌంటర్ క్లెయిమ్ వల్ల కేసు ఆలస్యమైందా అన్నది సెక్షన్ 35లో విడిగా రాశారు. ఆ వాక్యాన్ని కోర్టు ముందు చదివి వినిపించే లాయరు ఉంటే ఆ బేరం సాగదు.

డిక్రీ తర్వాత

కమర్షియల్ డిక్రీ మీద అప్పీలుకు 60 రోజుల గడువు. యాభయ్యో రోజు దగ్గర యజమాని లాయరు ఫోను చేశారు. అసలు, వడ్డీ మొత్తం కడతాం, ఖర్చులు వదులుకోండి, లేకపోతే హైకోర్టుకు వెళ్తాం అన్నారు.

కక్షిదారుకు మూడు విషయాలు చెప్పాను. డబ్బు డిక్రీ మీద స్టే కావాలంటే సాధారణంగా డిపాజిట్ చేయమంటారు, కాబట్టి ఆ బెదిరింపులో బలం తక్కువ. కారణాలు రాసి వేసిన ఖర్చుల్లో పై కోర్టు అంత తేలికగా వేలు పెట్టదు. అయినా అప్పీలు వస్తే ఏడాదో రెండేళ్లో చేతికి డబ్బు రాదు, మెస్ కోసం తెచ్చిన అప్పు వడ్డీ నడుస్తూ ఉంటుంది. దేన్ని వదులుకోగలరో ఆయనే తేల్చుకోవాలి.

ఆయన మరునాడు వచ్చి వడ్డీలో సగం వదులుకుంటానన్నారు, ఖర్చుల్లో రూపాయి వదలనన్నారు. నేను కారణం అడిగాను. "వడ్డీ నా డబ్బు మీద వచ్చేది సార్, పోతే నాదే పోతుంది. కోర్టు ఖర్చు మా బావమరిది దగ్గర తెచ్చి పెట్టాను" అన్నారు. ఆ లెక్కలోనే రాజీ మెమో రాశాం. అసలు, సగం వడ్డీ, ఖర్చులు పూర్తిగా, రెండు చెక్కుల్లో. మొదటి చెక్కు చెల్లిన తర్వాతే అప్పీలు వేయబోమన్న షరతు అమల్లోకి వస్తుందని రాయించాను. రెండూ చెల్లాయి, డిక్రీ తీరినట్టు కోర్టులో నమోదు చేయించి ఫైలు మూశాం.